దేన్ని తోసి వచ్చావు?

మాంత్రికుడి కొయ్యపక్షి తెల్లవారేదాకా బాగానే ఎగిరింది. సూర్యుడి మొదటి కిరణం ముక్కుకు తగలగానే మాత్రం తుమ్మబోతున్నట్టు ఒకసారి వణికి, మెల్లగా కిందికి దిగి, నేల ఆనీ ఆనకముందే పొగై గాలిలో కలిసిపోయింది. దాని వీపుమీద కూర్చున్న ఇద్దరూ జానెడెత్తు నుంచి చతికిలబడ్డారు.

వాళ్లలో ఒకడు మణిమంతపుర యువరాజు కీర్తిధ్వజుడు. ఇరవయ్యేళ్లవాడు, బక్కపలచని మనిషి, కిరీటం లేనిదే సొంత తల్లికి కూడా ముఖం చూపించడు. రెండోవాడు అతడి డాలు మోసే సింగన్న. ఇద్దరు యువరాజుల్ని కలిపి కడితే ఒక సింగన్న అవుతాడు. మోయడానికి ఇప్పుడు డాలు లేదు, దాన్ని నిన్ననే మాంత్రికుడి కొండచిలువ మింగేసింది. కీర్తిధ్వజుడు గుర్రం ఎక్కాల్సి వచ్చినప్పుడల్లా సింగన్న వంగి వీపు ఇస్తాడు, యువరాజు ఆ వీపుమీద కాలు మోపి ఎక్కుతాడు. పన్నెండేళ్లుగా సాగుతున్న పని కాబట్టి ఆ వీపు నొప్పి పుడుతుందేమోనని ఇద్దరిలో ఎవరూ అనుకోలేదు.

శారికాపుర రాకుమారి సువాణి గొంతును దర్పణాక్షుడనే మాంత్రికుడు దొంగిలించి దంతపు భరిణెలో పెట్టి మూతవేశాడు. ఆ భరిణె ఇప్పుడు కీర్తిధ్వజుడి నడుముకు చుట్టిన దట్టీలో ఉంది. దాన్ని తెచ్చి ఇచ్చినవాడికి ఏనుగు అంబారీ, పూలవాన, ఆపైన రాకుమారి చెయ్యి. ఒడ్డు చేరడమే తరువాయి.

ఒడ్డు చేరడం! అక్కడే వచ్చింది చిక్కంతా. వాళ్లు దిగిన చోటు అద్దంబయలు. అంచు నుంచి అంచు దాకా ఒకే పలకగా పరుచుకున్న మంత్రపు గాజు. ఆకాశంలో ఎన్ని రంగులున్నాయో కిందా అన్ని రంగులూ ఉన్నాయి. పైన కొంగల బారు పోతుంటే కాళ్ల కిందా కొంగల బారు పోతోంది. అక్కడ గాలి వీచదు, దుమ్ము నిలవదు, గడ్డిపోచ మొలవదు. ఇంత అందం దేనికి, అడుగు వేస్తే కదా! కీర్తిధ్వజుడు లేచి ఠీవిగా కుడికాలు ముందుకు వేశాడు. కాలు వెనక్కి పోయింది, మనిషి ఉన్నచోటే బోర్లాపడ్డాడు. పాకబోయాడు, చేతులు జారాయి. దొర్లబోయాడు, కిరీటం ముక్కుమీదికి వచ్చింది తప్ప మనిషి వీసమంత కూడా జరగలేదు. ఆ బయలు మీద ఆగినవాడు ఆగే ఉంటాడు, కదిలినవాడు కదులుతూనే పోతాడు. పట్టు దొరికితేనే కదా ఆగడమూ సాగడమూ!

తూర్పున దూరంగా పచ్చని గీతలా ఒడ్డుపల్లె చెట్లు. పడమర అంతే దూరంలో, గాజు తెగిపోయిన చోట, ఆవులింతలోయ. నోరు తెరిచి ఎప్పుడూ మూయనిది కాబట్టి దానికా పేరు.

"దొరా, ఒక మాట" అన్నాడు సింగన్న. "ఇందాక తమరు గట్టిగా తుమ్మారు. వెంట్రుకవాసి వెనక్కి జరిగారు, నేను చూశాను. అటు ఏదైనా తోస్తే మనం ఇటు కదులుతామన్నమాట. తమ కత్తి, కిరీటం, హారాలు, అన్నీ ఒక్కొక్కటే పడమరకు విసురుదాం. ఇద్దరం చేతులు పట్టుకుని ఉంటే మెల్లమెల్లగా తూర్పుకు పోతాం. సాయంత్రానికి చేరినా చేరినట్టే కదా."

"కిరీటం విసరాలా?" అన్నాడు కీర్తిధ్వజుడు. "బోడితలతో రాకుమారి ముందు నిలబడాలా?"

సింగన్న ఇంకేం చెప్పేవాడో గాని, అంతలో పడమటి నుంచి శంఖం మోగింది. దర్పణాక్షుడు లేచాడు, భరిణె పోయిందని తెలుసుకున్నాడు. ఆ శబ్దానికి గాజంతా గజగజలాడింది. యువరాజు చటుక్కున పడమరకు తిరిగి చూశాడు. సాయంత్రం దాకా ఆగడమా? అప్పటికి వాడు ఇంకో పక్షిని చెక్కుకుని రాడూ?

"సింగన్నా, వంగు" అన్నాడు. "నీ వీపెక్కి ఒడ్డు ఎంత దూరముందో చూస్తాను."

సింగన్న పడమరకు ముఖం పెట్టి మోకాళ్లమీద వంగాడు. అలవాటైన పని. కీర్తిధ్వజుడు వీపుమీద ఎక్కలేదు. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు గుండెలకు ముడిచి, రెండు పాదాలూ ఆ వెడల్పాటి నడుముకు ఆనించి, ఉన్న బలమంతా పెట్టి తన్నాడు.

యువరాజు తూర్పుకు పోయాడు. సింగన్న పడమరకు పోయాడు. బరువైనవాడు కాబట్టి మెల్లగా, హుందాగా, ఊరేగింపులో దేవుడిలా పోయాడు.

"దొరా! పడ్డారా? దెబ్బేమైనా తగిలిందా?" అని అరిచాడు.

అది విన్నాక కీర్తిధ్వజుడికి తల కొట్టేసినట్టయింది. జవాబు చెప్పలేదు.

ఆ పోవడంలో విచిత్రం ఉంది. కుదుపు లేదు, చప్పుడు లేదు, చెంపకు తగిలే గాలి లేదు. కళ్లు మూసుకుంటే మంచంమీద పడుకున్నట్టే ఉంది. కాసేపటికి అతడికి ఒక గొప్ప ఊహ తట్టింది. 'నేను కదలడమే లేదు. ఉన్నచోటే ఉన్నాను. సింగన్నే నన్ను వదిలేసి పోతున్నాడు.' ఈ ఊహతో కొంత ఊరట పొందాడు కూడా, పాపం. తప్పు చేసినవాడికి ఇలాంటివి భలేగా తోస్తాయి. కాని బోర్లా తిరిగి కిందికి చూస్తే గాజులో తన ముఖం. అతడు ఎంత వేగంతో పోతున్నాడో అదీ అంతే వేగంతో పోతూ, ఒక్క క్షణం వెనకబడకుండా, కళ్లార్పకుండా అతడినే చూస్తోంది. రెండు గడియల సేపు అదే ముఖం. మొదట పక్కకు తిరిగాడు, తర్వాత మళ్లీ వెల్లకిలా అయ్యాడు, చివరికి ఉత్తరీయం తలమీదుగా కప్పుకున్నాడు. సిగ్గు ఉత్తరీయానికి ఆగేదా! లోపల ఇంకా ఉక్కపోసింది.

"దొరా" అన్న కేక మరో రెండుసార్లు వినిపించింది. రెండోది దోమ రొదంత సన్నగా.

ఒడ్డుపల్లెవాళ్లు అతడిని వలతో పట్టారు. గాజు అంచున కొబ్బరితాళ్ల వల వేలాడదీసి ఉంటుంది, వచ్చినవాడు వచ్చినట్టు అందులో పడతాడు. ఇసుకమీద కాలు ఆనగానే కీర్తిధ్వజుడు కిరీటం సర్దుకుని, దట్టీలోంచి భరిణె తీసి, పైకెత్తి చూపించాడు. డప్పులు మోగుతాయనుకున్నాడు. డప్పులున్నాయి గాని ఎవరూ ముట్టుకోలేదు. మంచినీళ్ల ముంత పట్టుకున్న ఇల్లాలు కూడా అందించకుండా నిలబడింది.

రోటి దగ్గర వడ్లు దంచుతున్న ముసలిదొకతె రోకలి ఆపింది. ఒడ్డుపల్లె పెద్ద మాచవ్వ ఆమే.

"దేన్ని తోసి వచ్చావు నాయనా?" అని అడిగింది.

"ఏమిటీ?"

"ఈ బయలు దాటి వచ్చినవాణ్ణి మేం మొదట అడిగేది అదే. జవాబు చెప్పినాకనే నీళ్లు. దేన్నో ఒకదాన్ని అటు తోయకుండా ఎవడూ ఇటు రాలేడు. సామానైతే లోయకడ పోయిందని వదిలేస్తాం. ప్రాణమున్నదైతే చూడాలి కదా."

కీర్తిధ్వజుడు కిరీటం మళ్లీ సర్దుకున్నాడు. "కొయ్యపక్షి" అన్నాడు. "మాంత్రికుడి కొయ్యపక్షి మీద వచ్చాను. దాన్ని తన్నాను."

మాచవ్వ అతడిని కింది నుంచి పైదాకా చూసింది. కిరీటం ఉంది, కత్తి ఉంది, హారాలు మూడు వరసలూ ఉన్నాయి. ఆమె పక్కనున్న అరుగు దగ్గరికి నడిచింది. అరుగుమీద బయలు నుంచి పూర్వం ఎప్పుడో విరిగిన గాజుముక్క బారెడు పొడుగున పడి ఉంది. దానిమీద ఒక గుమ్మడికాయ పెట్టింది, పక్కనే నిమ్మకాయ పెట్టింది. రెండింటి మధ్యా వెదురుబద్దను వంచి ఇరికించి వదిలింది. టక్కున నిమ్మకాయ ఎగిరిపోయి ఇసుకలో పడింది. గుమ్మడికాయ కదిలీ కదలనట్టు అటువైపు జరుగుతూ పోయింది.

తర్వాత గుమ్మడికాయ తీసేసి దాని చోట కోడి ఈక పెట్టింది. మళ్లీ బద్ద వదిలింది. ఈక చివ్వున పోయింది. నిమ్మకాయ మాత్రం బద్ధకంగా అటూ ఇటూ ఊగి, చీమనడకన జరగసాగింది.

"తేలికదాన్ని తంతే అదే పోతుంది, తన్నినవాడికేమీ దక్కదు" అంది మాచవ్వ. "కొయ్యపక్షి డొల్ల. దాన్ని తంతే నువ్వు ఎల్లుండికి వచ్చుందువు. అద్దంలో పసుపుగీతలు చూశావా, కేకదూరానికొకటి? నువ్వు మొదటి గీత దాటి రెండోది చేరేలోగా నేను పదిసార్లు రోకలి ఎత్తాను. చివరి రెండు గీతలకూ పదే. దారిలో ఎక్కడా తగ్గలేదు, పెరగలేదు. మనిషి నడిచే నడకతో వచ్చావు. అంటే నువ్వు తన్నింది నీకన్నా బరువైనది, కదలకుండా నిన్ను నమ్ముకుని నిలిచినది. నువ్వు నిమ్మకాయవి నాయనా. ఆ గుమ్మడికాయ ఇంకా పోతానే ఉంటుంది. ఎవరు వాడు?"

ఊరంతా చూస్తోంది. వలపట్టినవాళ్లు, ముంత పట్టుకున్న ఇల్లాలు, పశువులు తోలుకొచ్చినవాళ్లు. ఒక్కరి ముఖంలోనూ కోపం లేదు. కోపముంటే కీర్తిధ్వజుడు కత్తి దూసేవాడే, ఆ పని వచ్చు అతడికి. ఏమీ లేని ఆ చూపుల ముందు నిలబడటం మాత్రం చేతకాలేదు. భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. చెవుల దాకా ఎర్రబడి, ఇసుక వంక చూస్తూ, "సింగన్న" అన్నాడు.

"నీ పనివాడా?"

"నా... అవును. ఒడ్డు చూడాలి, వంగమన్నాను. వంగాడు. తన్నాను." ఒకసారి మొదలుపెట్టాక ఆగలేదు. "దెబ్బ తగిలిందా అని నన్నే అడిగాడు అవ్వా. నేను మాట్లాడలేదు." తర్వాత తనకు తానే సర్దిచెప్పుకోబోయాడు. "ఒక రాజ్యం ఈ భరిణె కోసం ఎదురుచూస్తోంది. రాకుమారి గొంతు..."

"గొంతు రాగానే ఆ పిల్ల కూడా ఇదే అడుగుతుంది" అంది మాచవ్వ. "ఎంత బరువుంటాడు?"

"నాకు రెండింతలు."

"అయితే నీ నడకలో సగం నడక. నువ్వు రెండు గడియల్లో ఇటు చేరావు, వాడు నాలుగు గడియల్లో అటు చేరతాడు. రెండయిపోయాయి." ఆమె ఊరివైపు తిరిగి, "విల్లు ఎత్తండి!" అని అరిచింది.

ఇక చూడాలి ఒడ్డుపల్లెను! తిట్టేందుకు ఎవరికీ తీరిక లేదు. ఏడు బొంగుల్ని కలిపి కట్టిన వెదురువిల్లు ఒకటుంది వాళ్లకు. బయలులో చిక్కుకున్నవాళ్లకు చద్దిమూటలు జార్చేందుకు వాడతారు. ఇరవైమంది పట్టి దాన్ని గాజు అంచున పాతిన గుంజలకు బిగించారు. పడవలుంటాయేమోనని కీర్తిధ్వజుడు చుట్టూ చూశాడు. పడవ కాదు, గొడ్లకు కుడితి పోసే కొయ్యతొట్టి తెచ్చారు. ఇంకా అడుగున కుడితి తడి ఉంది, ఈగలు ఉన్నాయి. ఏటిరాళ్లు ఇరవై అందులో వేశారు.

"ఎక్కు" అంది మాచవ్వ.

అంబారీ ఎక్కాల్సిన రాకుమారుడు కుడితితొట్టి ఎక్కాడు. భరిణె ఆమె చేతిలో పెట్టాడు. కిరీటం కూడా తీసి ఇవ్వబోతే ఆమె వద్దంది. "ఉంచుకో. రాయికి రాయి పనికొస్తుంది." మూడు బారల తాడొకటి అతడి ఒళ్లో పడేసింది. "అంత దూరానికి సరిపడా తాడు ఏ ఊళ్లోనూ లేదు. ఇది మీ ఇద్దరి మధ్యకు. బాగా విను. వాడు కనిపించగానే రాళ్లను ముందుకు, లోయవైపుకే విసురు. ఒక్కో రాయికీ నీ పరుగు తగ్గుతుంది. కొన్ని మిగుల్చుకో. ఇద్దరూ ఒకటయ్యాక మిగిలినవి కూడా లోయవైపుకే విసరాలి, అప్పుడే ఆగుతారు, అప్పుడే వెనక్కి కదులుతారు. ఇంకొకటి."

"చెప్పండి."

"నువ్వు చేసింది వాడి చెయ్యి పట్టుకోకముందే చెప్పు. పట్టుకున్నాక చెబితే వాడికి వదిలే దారుండదు."

ఇరవైమంది విల్లు లాగి వదిలారు.

తొట్టి దూసుకుపోయింది. వింటి అల్లెతాడు వదిలిన ఆ ఒక్క క్షణమే కుదుపు. ఆ తర్వాత మళ్లీ అదే నిశ్శబ్దం, అదే నిలకడ. పసుపుగీతలు మాత్రం ఒకదాని వెంట ఒకటి వచ్చి కాళ్ల కింద మాయమవుతున్నాయి. అతడు అంచు పట్టుకుని ముందుకు వంగాడు, తొట్టి మాత్రం ఒకే తీరున పోతోంది. త్వరగా పొమ్మని దాన్ని తొందరపెట్టే వీలు లేదు. నడిమధ్య దాటాడు. తాను సింగన్నను తన్నిన చోటు అదే. గాజుమీద గుర్తేమీ లేదు, అయినా ఆ చోటు దాటేటప్పుడు కళ్లు మూసుకున్నాడు.

కళ్లు తెరిచేసరికి దూరాన ఒక నల్లని చుక్క. చుక్క మనిషైంది. మనిషి సింగన్న అయ్యాడు. చతికిలబడి కూర్చుని ఇటువైపే చూస్తున్నాడు. అతడి వెనక, మరీ దూరం కాని చోట, ఆవులింతలోయ. లోయమీదికి పొడుచుకొచ్చిన బండరాయిపై దర్పణాక్షుడు, జారి వచ్చేవాణ్ణి పట్టేందుకు, గోనెసంచి నోరు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు.

కీర్తిధ్వజుడు కిరీటం తీసి ముందుకు విసిరాడు. అది గిర్రున తిరుగుతూ గాజుమీద జారి, సింగన్న పక్కనుంచి పోయి, సరాసరి బండరాయిని చేరింది. మాంత్రికుడు దాన్ని తీసి నెత్తిన పెట్టుకుని, కొంగలా మెడ చాచి ఠీవిగా నాలుగడుగులు నడిచి చూపించాడు. అచ్చం తన నడకే! కీర్తిధ్వజుడికి ఒళ్లంతా జెర్రులు పాకినట్టయింది. కత్తి విసిరాడు. హారాలు విసిరాడు. రాయి, రాయి, ఇంకో రాయి. ప్రతి విసురుకూ తొట్టి వేగం తగ్గుతూ వచ్చింది. పదకొండో రాయికి సింగన్నకన్నా కాస్త ఎక్కువ నడకకు దిగింది.

"వచ్చారా దొరా!" సింగన్న ముఖం విప్పారింది. "నా కోసం వచ్చారా! తలగుడ్డ విసిరాను, చెప్పులు విసిరాను, పరుగు గోరంత కూడా తగ్గలేదు. తప్పు నాదే దొరా. వీపు సరిగా నిలపలేదు, తమరు జారిపోయారు. ఇదిగో, చెయ్యి ఇటివ్వండి." అంటూ పొడుగాటి చెయ్యి చాచాడు.

ఎంత తేలిక! ఆ చెయ్యి పట్టుకుంటే చాలు. 'అవును సింగన్నా, జారాను' అంటే చాలు. ఇంకెవరు చెబుతారు? కీర్తిధ్వజుడి నాలుక మీదికి ఆ మాట వచ్చింది కూడా. వచ్చినందుకు అతడికి తనమీద తనకే అసహ్యం వేసింది.

"జారలేదు!" అని అరిచాడు. "సింగన్నా, నేను జారలేదు. తన్నాను. రెండు కాళ్లూ పెట్టి తన్నాను. శంఖం వినగానే భయమేసింది. నువ్వు ఏమైపోతావో తెలిసే తన్నాను."

సింగన్న నవ్వు అలాగే కాసేపు ముఖంమీద ఉండిపోయింది, తీసేయడం మరిచిపోయినట్టు. తర్వాత పోయింది. చాచిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు.

తొట్టి వచ్చింది. సింగన్న పక్కగా, బెత్తెడు దూరంలో, దాటింది. కీర్తిధ్వజుడు చెయ్యి చాచలేదు. చాచే ముఖం లేదు. తల వంచుకుని కూర్చున్నాడు. ఇప్పుడు అతడు ముందు, సింగన్న వెనక. లోయ ఎదురుగా. మాంత్రికుడి సంచి అతడివైపు తిరిగింది. ఒక బార. రెండు బారలు.

"ఒరేయ్!"

వెనకనుంచి వచ్చింది ఆ కేక. ఉలిక్కిపడి తిరిగాడు. సింగన్న కళ్లు నిప్పులు కక్కుతున్నాయి. వాటిలో దయ మచ్చుకైనా లేదు.

"ఒళ్లో తాడు పెట్టుకుని ఏడుస్తావేంరా! విసురు!"

పుట్టి బుద్ధెరిగాక కీర్తిధ్వజుణ్ణి 'ఒరేయ్' అన్నవాడు లేడు. అతడు తాడు ఒక కొస మణికట్టుకు చుట్టుకుని, రెండో కొస విసిరాడు. సింగన్న అందుకున్నాడు. తాడు బిగిసింది. తాడు లాక్కుంటూ సింగన్న ఇటు వచ్చాడు, కీర్తిధ్వజుడు అటు పోయాడు, తొట్టి ధడాలుమని సింగన్న మోకాళ్లకు కొట్టుకుంది. ఇద్దరూ ఒకటై, ఇంకా పడమరకే, ఒకే నడకతో పోతున్నారు.

సింగన్న తొట్టిలోకి తొంగిచూశాడు. యువరాజు ముఖంవైపు మాత్రం చూడలేదు.

"ఎన్నున్నాయి?"

"తొమ్మిది."

సింగన్న లోయ అంచు ఎంత దూరముందో ఒకసారి కొలిచినట్టు చూశాడు.

"ఆగడానికి చాలవు" అన్నాడు.

కీర్తిధ్వజుడు తల ఎత్తకుండానే మొదటి రాయి ఎత్తాడు.